మెనూలో ఉన్న ఆప్షన్ వెతికితే దొరకాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. అది పసిగట్టి ఏరేటర్లను వేళకు తిప్పే పరికరం చేయాలనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు కావలసినవి ఒక చిన్న లినక్స్ బోర్డు, ఒక సెన్సర్, రెంటినీ కలిపే యూఎస్‌బీ కన్వర్టర్. ఆ కన్వర్టర్‌ను గుర్తించేలా లినక్స్ మూలభాగమైన కెర్నల్‌ను సిద్ధం చేయడానికి, అందులో ఏవి ఉండాలో ఎంచుకునే మెనూ అయిన మెనూకాన్ఫిగ్ తెరవాలి. అందులో ఉన్నవి వేల ఆప్షన్లు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

తప్పు వారిది కాదు, వెతుకులాటది.

చవకైన కన్వర్టర్లలో తరచూ కనిపించే చిప్ సీహెచ్340. మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కీ నొక్కి ఆ పేరు కొడితే ఏమీ దొరకదు. దాన్ని నడిపే డ్రైవర్ కెర్నల్‌లో ఉంది, కానీ సీహెచ్341 అనే పేరుతో. పోనీ, మెనూలో ఆ డ్రైవర్ పక్కన కనిపించే తయారీదారు పేరు ‘విన్‌చిప్‌హెడ్’ కొట్టినా ఫలితం అంతే. ఈ వెతుకులాట ఆప్షన్ల అంతర్గత పేర్లనే చూస్తుంది. తెరపై మనం చదివే వాక్యాన్నీ, దాని వెనుక ఉన్న సహాయ వివరణనూ చూడదు. పేరు ముందే తెలిసినవాడికి వెతకాల్సిన పని ఎంత? తెలియనివాడికే కదా ఈ సదుపాయం.

పేరు దొరికినా కష్టం తీరదు. యూఎస్‌బీ సీరియల్ ఆప్షన్‌ను ముందుగా ఎంచుకోకపోతే దాని కింది డ్రైవర్లు మెనూలో కనిపించవు. డెల్టా శివారు రైతుకు ఈ బాధ బాగా తెలుసు: పంటబోదె తూము తెరిచినా, పైన కాలువ తలుపులు దించి ఉంటే మడిలోకి చుక్క రాదు. ఏ తలుపు దించి ఉందో చెప్పేవారు కావాలి. ఒక ఆప్షన్ కనిపించాలంటే ముందుగా ఎంచుకోవలసిన ఆధారాల జాబితానూ, ఒక్కోదాని విలువనూ మెనూకాన్ఫిగ్ చూపిస్తుంది, నిజమే. కానీ ఆ జాబితా నాలుగు వరుసలకు పాకి, ‘లేదా’లూ ‘కాదు’లూ కలిస్తే విప్పుకోవడం అనుభవజ్ఞులకే పరీక్ష. విలువలన్నీ ప్రోగ్రామ్ చేతిలోనే ఉన్నప్పుడు, అడ్డుపడుతున్నదాన్ని అదే లెక్కగట్టి మొదటి వరుసలో చూపాలి. (జెడ్ కీ నొక్కితే దాగిన ఆప్షన్లు కనిపిస్తాయి. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?)

వివరణల్లోనూ వెతికితే ఫలితాలు కుప్పలుగా వచ్చిపడతాయన్న అభ్యంతరం సబబే. అయితే వరుస సరిచేస్తే చాలు: ముందు అచ్చంగా సరిపోయిన పేరు, తర్వాత తెరపై వాక్యం, చివర సహాయ వివరణ. చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ జెఫిర్ వాడే ఇలాంటి మెనూ కెకాన్ఫిగ్‌లిబ్ పేరుతో పాటు తెరపై వాక్యాన్నీ ఇప్పటికే వెతుకుతోంది. కాబట్టి ఇది సాధ్యమా అన్న చర్చ అనవసరం.

కెర్నల్ మూలం (సోర్స్ కోడ్) అందరికీ తెరిచే ఉంది. వెతుకులాటను మార్చడానికి కొంత సీ భాష రావాలి. డ్రైవర్ సహాయ వివరణలో జనం వాడే చిప్ పేరు చేర్చడానికి ఒక్క వాక్యం రాయడం వస్తే చాలు. కాకినాడ, భీమవరం కాలేజీల్లో ప్రాజెక్టుల కోసం ఈ మెనూలతో కుస్తీ పడుతున్నవారు తమకు దొరకని ప్రతి పేరునూ ఒక ప్యాచ్‌గా, అంటే కోడ్‌లో చేసిన చిన్న సవరణగా, పంపవచ్చు.