బురదపురుగు వాంగ్మూలం

విశాఖ ఓడరేవు లోపలి పాయల్లో, నీటి అడుగున పేరుకున్న నల్లని బురదలో కాపిటెల్లా కాపిటాటా అనే ఎర్రటి పురుగు కాపురం ఉంటుంది. నూలుపోగంత సన్నం. దానికి ఓటు లేదు, రేషన్ కార్డు లేదు, ఏ కమిటీలోనూ కుర్చీ లేదు. అయినా తీరంలో మనం సాగించే పనుల మీద దశాబ్దాలుగా ఎవరి అనుమతీ అడగకుండా, భత్యం కోరకుండా నివేదిక సమర్పిస్తున్న ఉద్యోగి అదొక్కటే కనుక, ఇకమీదట తీర పర్యావరణ మదింపు సంఘాలన్నిటిలోనూ దానికి శాశ్వత సభ్యత్వం ఇవ్వాలని ప్రభుత్వం వారికి సవినయంగా విన్నవించుకుంటున్నాను.

ముందుగా దాని అర్హతలు చూడండి. ప్రాణవాయువు దాదాపు అడుగంటిన చోట, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే మడ్డిలో, తక్కిన జీవులన్నీ పెట్టేబేడా సర్దుకుని వెళ్లిపోయాక, ఇది వచ్చి స్థిరపడుతుంది. మనం వదిలిన మురుగునే తిని, కొద్ది వారాల్లోనే పిల్లాజెల్లాతో వేలకు వేలవుతుంది. డ్రెడ్జర్ వచ్చి ఇల్లూ వాకిలీ పెళ్లగించి పోయినా నష్టపరిహారం అడగదు, తిరిగి వచ్చేవాళ్లలో ముందు వరుసలో తనే ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలోనే విశాఖ రేవులో దీన్ని కాలుష్య సూచికగా గుర్తించి రాశారు. అంటే మన ఊరి సంగతి మన ఊరివాళ్లే అచ్చు వేయించి సుమారు అర్ధ శతాబ్దమైంది. ఇన్నేళ్ల సీనియారిటీ ఉన్న సాక్షి మన దగ్గర మరొకటి లేదు.

దీని మీద ఉన్న అభియోగం కూడా దాచను. 1976లో అమెరికాకు చెందిన గ్రాసిల్ దంపతులు, చూపుకు అచ్చం ఒకేలా ఉండే ఈ పురుగుల్లో కనీసం ఆరు వేర్వేరు జాతులున్నాయని తేల్చారు. ఒకే పేరు మీద ఆరుగురు పని చేస్తున్నారన్నమాట. ఒకే సర్వే నంబరు మీద ఆరు పట్టాలు పుట్టడం చూసిన మనకు ఇది అనర్హతగా తోచదనుకుంటాను.

ఇక వాంగ్మూలం తీసుకునే పద్ధతి. సముద్రపు అడుగును కొరికి పైకి తెచ్చే, గ్రాబ్ అనే రెండు దవడల ఇనుప పనిముట్టును యోహాన్ వాన్ వేన్ అనే డచ్చి ఇంజనీరు 1933లో రూపొందించాడు. విశాఖ ఓడరేవు తెరుచుకున్నదీ ఆ ఏడాదే. జబ్బూ, నాడి చూసే చెయ్యీ ఒకే సంవత్సరం పుట్టడం దైవనిర్ణయం తప్ప మరొకటి కాదు. నిరుడు ఒక సర్వే పడవలో ఊరికే చూపరిగా వెళ్లి ఆ పనిముట్టు నోరు తెరవడం చూశాను. నల్లని, జిగటైన, వెన్నలా జారే బురద తొట్టిలో పడగానే అందరూ ఒక్కసారిగా మొహాలు గాలివాటుకు తిప్పుకున్నారు. దాన్ని అర మిల్లీమీటరు కన్నుల జల్లెడలో పోసి, గొట్టంతో నీళ్లు కొడుతూ కడిగితే, చివరకు గుప్పెడు చెత్త మిగిలింది. అందులో ఫార్మలిన్, గులాబీ రంగు కలిపి సీసాలో పోస్తే, ప్రాణమున్నవన్నీ గులాబీగా మారతాయి. తరువాత ఎవరో ఒక పరిశోధక విద్యార్థి తెల్లని పళ్లెంలో వాటిని పరిచి, సన్న పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరుతూ తన యౌవనాన్ని గడుపుతాడు.

పడవ నడిపే పెద్దాయన ఇదంతా ఓపిగ్గా చూసి, "చేప నేని కాడ ఏటి ఎతుకుతన్నారు బాబూ?" అని అడిగాడు. పురుగుల కోసమని చెప్పారు. "దానికింత ఆయిలు కాల్చాలా బాబూ? వాసన సూత్తే తెలీదా?" అన్నాడు. శాస్త్రవేత్త నవ్వి, వాసనకు దశాంశాలుండవన్నాడు.

ఆ దశాంశాలను ఇచ్చేది ఆంబి అనే సూచిక. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు శాస్త్రవేత్త ఆంఖెల్ బోర్హా, ఆయన సహచరులు 2000లో దీన్ని ప్రకటించారు. అడుగున బతికే జీవులను ఇది ఐదు గ్రూపులుగా విడదీస్తుంది. గ్రూప్-1 అంటే మన సర్వీస్ కమిషన్ వారి గ్రూప్-1 కాదు గానీ పోలిక లేకపోలేదు: కాస్త మురికి తగిలితే చాలు, అక్కడ ఉండనని మంచి చోటికి పోయే సుకుమారులే ఇందులోనూ ఉంటారు. గ్రూప్-5లో మన కాపిటెల్లా వంటి క్షేత్రస్థాయి సిబ్బంది, ఏ సీటులో వేస్తే ఆ సీటులో ఉండేవారు. గ్రూప్-1కు సున్నా, 2కు 1.5, 3కు 3, 4కు 4.5, 5కు 6 చొప్పున మార్కులు వేసి, ఎవరి శాతాన్ని బట్టి వారిని లెక్కగట్టి సగటు తీస్తారు. సున్నా వస్తే స్వచ్ఛం, ఆరు వస్తే అంతా పురుగులమయం. అసలు ఏ ప్రాణీ దొరకని బురదకు ప్రత్యేకంగా ఏడు కేటాయించారు. ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు తప్పే పరీక్ష ఇదొక్కటే కావచ్చు.

సూచికలో దోషం లేదు. దాన్ని వాడే చేతుల్లోనే కళ ఉంది. పది చోట్ల బురద తీశారనుకుందాం. ఐదు బయటి సముద్రంలో తీసినవి, వాటికి 1 వచ్చింది. ఐదు రేవు లోపలివి, వాటికి 6 వచ్చింది. సగటు 3.5. పట్టికలో చూస్తే దాని పేరు "మధ్యస్థ కలత". ఒకరి పెళ్లి భోజనాన్నీ మరొకరి ఏకాదశి ఉపవాసాన్నీ కూడి రెండుతో భాగిస్తే ఇద్దరూ అర కడుపు తిన్నట్టే కదా! కలతలో కూడా మధ్యస్థం అన్న మాట ఎంత హాయిగా ఉందో గమనించండి. ఆ మాట ఉన్న నివేదికను మంత్రిగారి బల్ల మీద పెట్టడానికి ఏ అధికారీ జంకడు.

ఇంతకన్నా మేలైన దారి కూడా ఉంది. పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు 1978లో చెప్పిన ప్రకారం, మురుగు కలిసే చోటు నుంచి దూరంగా నడిచిపోతే మొదట ఏమీ ఉండదు, తరువాత ఒకటి రెండు జాతులే లెక్కలేనంతగా కిక్కిరిసి ఉంటాయి, ఇంకా వెళితే జాతులు పెరిగి రద్దీ తగ్గుతుంది. మన ప్రచార విభాగం వారు ఆ రెండో మజిలీ దగ్గర ఆగితే చాలు. "మా కర్మాగారం వచ్చాక సముద్రగర్భంలో జీవుల సంఖ్య అనేక రెట్లు పెరిగింది" అని పత్రికా ప్రకటన ఇవ్వవచ్చు. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. జాతులెన్ని అని ఎవరైనా అడిగితే, ఆ విలేఖరికి భోజనం పెట్టించవచ్చు.

న్యాయంగా మాట్లాడితే, ప్రకృతి కూడా నిందితుల పక్షాన కొంత సాక్ష్యం చెబుతుంది. గోదావరి ముఖద్వారం వంటి చోట్ల ఉప్పు ఒక పూట హెచ్చు, ఒక పూట తగ్గు. వరద రాగానే ఒండ్రు కప్పేస్తుంది. ఫ్యాక్టరీ పొగగొట్టం కనుచూపు మేరలో లేకపోయినా అక్కడ ఓర్పు గల మొండి జీవులే మిగులుతాయి. ఆ మొండితనం నది పెట్టిందో, మనిషి పెట్టిందో విడదీయడం నిపుణులకే కష్టం. నిపుణులకు కష్టమైనది న్యాయవాదులకు వరం. దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లింది. అప్పటి నుంచి అడుగున ఏది కనబడకపోయినా తుపాను ఖాతాలో రాసుకునే సౌకర్యం మనకు కలిగింది.

సత్వర పర్యావరణ మదింపుకైతే వానాకాలం కాని ఒక్క సీజను వివరాలు చాలునంటారు. ఏడాదిలో ఒక్కసారి, ఇల్లంతా సర్దుకున్నాక, పెళ్లివారు వచ్చిన రోజున తీసిన ఫొటోను చూసి ఆ కుటుంబం తీరు తేల్చినట్టు ఉంటుంది. పురుగుకు ఈ సీజను నిబంధన తెలియదు, పన్నెండు నెలలూ అక్కడే ఉంటుంది. సంఘంలో దాన్ని చేర్చుకోవడానికి కొందరు వెనుకాడడానికి కారణం ఇదేనని నా అనుమానం.

నేను సర్వే పడవలో వెళ్లిన ఆ రోజు చివరి మజిలీ ఒక కాలువ నోటి దగ్గర. గ్రాబ్ పైకి వచ్చింది, బురద జల్లెడలో పడింది, గొట్టంతో పావుగంట కడిగారు. మిగిలింది ఒక షాంపూ పొట్లం, రెండు బొగ్గు పెళ్లలు, ఒక ప్లాస్టిక్ టీకప్పు ముక్క. కాపిటెల్లా కూడా లేదు. పరిశోధక విద్యార్థి పేజీ తిప్పి, జాతుల గడిలో సున్నా వేశాడు. పక్కనే "అంతరించే ప్రమాదమున్న జాతులు" అన్న గడి ఉంది. కలం కాసేపు అక్కడే ఆగింది. తరువాత గుండ్రని అక్షరాలతో "కనబడలేదు" అని రాసి, సంతకం కోసం కాగితం ముందుకు జరిపాడు.