పాట నచ్చింది సరే, అందులో అమ్మాయికి నోరుందా?

మా ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ల పెళ్లి ఊరేగింపు ఏదైనా చూడండి. డీజేలో ఒడియా పాటలు పడతాయి, సంబల్‌పురి పాటలు పడతాయి. కుర్రాళ్లు ఊగిపోయేది మాత్రం తెలుగు ఐటమ్ సాంగ్ పడ్డాకే. ఆ బీటు నాకూ నచ్చుతుంది. నచ్చడం తప్పంటే ఒప్పుకోను. చెవి ఏదీ మనసునడిగి ఇష్టపడదు.

మరి విలువల మాటేమిటి? ఈ మధ్య చర్చంతా పాట వెనకున్న మనిషి చుట్టూనే తిరుగుతోంది. 2021లో తమిళ సినీ కవి వైరముత్తుకు కేరళవాళ్ల ఓఎన్‌వీ సాహిత్య పురస్కారం ప్రకటించగానే మీటూ ఆరోపణలు మళ్లీ పైకొచ్చాయి. ఆయన వాటిని కాదన్నారు, పురస్కారం మాత్రం వదులుకున్నారు. 2024లో డ్యాన్స్ మాస్టర్ జానీ లైంగిక దాడి కేసులో అరెస్టయ్యాక ఆయన జాతీయ అవార్డును నిలిపేశారు. అలాంటి ఆరోపణలున్నవాళ్లకు సన్మానాలు చేయొద్దు, మన డబ్బు వాళ్లకు బలం కావొద్దు అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ నేరం తేల్చడానికి కోర్టులున్నాయి. అయినా మచ్చలేని పెద్దమనిషి రాసిన చెత్త పాటను ఏం చేద్దాం? దాన్ని హాయిగా మోగించుకోవచ్చా?

నేను చూసేది ఒక్కటే. ఆ పాటలో అమ్మాయికి నోరుందా, లేదా?

శృంగారం అనగానే ముఖం చిట్లించేవాళ్ల జట్టు కాదు నాది. క్షేత్రయ్య పదాలకు ఇవాళ్టి సెన్సారువాళ్లయితే చెమటలు పట్టేవి. అయినా అక్కడ మాట నాయికది. మువ్వగోపాలుణ్ణి రమ్మంటుంది, ఎత్తిపొడుస్తుంది, ఇంకొకరి దగ్గరికి వెళ్లొచ్చావని నిలదీస్తుంది. మా పొరుగువాళ్ల సంబల్‌పురి పాట ‘రంగబతి’నే తీసుకోండి. సరసమైన పాటే, భజన కాదు. అబ్బాయి పిలిస్తే అమ్మాయి సిగ్గుపడుతూనే బదులిస్తుంది. రాసిన మిత్రభాను గౌంతియాకు, పాడిన జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్‌లకు పద్మశ్రీలు వచ్చాయి. ఆ పాటకు అమ్మమ్మా మనవరాలూ కలిసి చిందేసినా ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

మన ఐటమ్ సాంగ్‌లో పాడేదీ ఆడగొంతే కదా అంటారు. గొంతే ఆమెది. ఆమె చేత తన ఒంటిని తానే అంగడి సరుకులా ఏకరువు పెట్టిస్తారు. ఆమె కోపం, ఇష్టం, వద్దనడం, ఏవీ ఉండవు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరిక చేసింది. మంచిదే. కాకపోతే స్టెప్పుల దగ్గరే ఆగకుండా మాటలూ వినాల్సింది.

హైదరాబాదులో పిల్లవాడికి ఇలాంటి పాట వందలో ఒకటి. బడిలో తెలుగు వాచకం ఉంటుంది, వీధిలో బోర్డులుంటాయి, ఇంటికి పేపరొస్తుంది. మా పిల్లల బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, ‘అ’ రాయమంటే తెల్లమొహం వేసేవాళ్లు బోలెడుమంది. ఇంట్లో వినే తెలుగు అన్నం తిను, తలుపు వెయ్యి, ఎక్కడ చచ్చావు, అంతే. ఆ పైన వాళ్లకు అందే తెలుగంతా సినిమా పాటే. ఒక అమ్మాయిని ఎలా పిలవాలో, ఎలా మెచ్చుకోవాలో ఆ పాటే నేర్పుతోంది. ‘పాటే కదా, వదిలెయ్’ అనే మాట విజయవాడలో చెల్లుతుందేమో గానీ బరంపురంలో చెల్లదు.

గిడుగు రామమూర్తి 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది పర్లాకిమిడి రాజావారి బడిలోనే. జనం నోట్లో ఆడే తెలుగే పుస్తకంలోకి రావాలని పోట్లాడిన మనిషి. సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల భాషలోనే బడులు నడిపిన మనిషి. 1936లో ఒడిశా ఏర్పడింది, మేం గీతకు ఇటువైపు ఉండిపోయాం. ఏ ఎన్నికలొచ్చినా తెలుగు టీచర్ల మాట ఎత్తుతారు, ఓట్లు పడ్డాక మరిచిపోతారు. బడి ఖాళీ చేసిన చోట సినిమా వచ్చి కూర్చుంది. సినిమావాళ్లను తిట్టి ఏం లాభం? వాళ్లు మా పిల్లలకు తెలుగు నేర్పుతామని ఎవరికీ మాటివ్వలేదు.

మన తెలుగు సంఘాలు ఏం చేస్తున్నాయి మరి? ఉగాదికి వేదిక కట్టి, ఎనిమిదేళ్ల పిల్లల చేత ఐటమ్ సాంగులకు రికార్డింగ్ డ్యాన్సులు వేయిస్తున్నాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. సంస్కృతిని కాపాడుతున్నామని మైకులో ప్రసంగం కూడానూ! పాటలు ఎంపిక చేసే కమిటీలో ఇద్దరు తల్లులను కూర్చోబెట్టండి. డీజేకు, లైటింగుకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, సాయంత్రాలు పిల్లలకు అక్షరాలు దిద్దించే ఒక మనిషికి జీతం ఇవ్వండి. వచ్చే ఉగాది పద్దులో డీజే ఖర్చు కంటే పైన ఆ జీతం ఎంతో రాసి, ఆ తర్వాతే చందా పుస్తకం పట్టుకుని మా ఇంటికి రండి.