ఇంట్లో కూర్చుని జీతం

మొన్న బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఏం చేస్తావమ్మా అని అడిగితే, ప్రైవేటు బడిలో లెక్కల టీచరునని చెప్పాను. ఆయన ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ, "మీకేమమ్మా, కరోనా పుణ్యమా అని రెండేళ్లు ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నారు" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. కొత్త ఇంట్లో గొడవ ఎందుకని నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఇలా వినడం మొదటిసారి కాదు. కూరగాయల బండి దగ్గర విన్నాను, బస్సులో విన్నాను, చివరికి మా తమ్ముడి నోట కూడా విన్నాను. పెద్దాయన ఇది చదువుతారో లేదో తెలియదు, మా తమ్ముడు మాత్రం చదువుతాడు.

జీతం సంగతి తర్వాత. ముందు ఆ కూర్చోవడం ఏమిటో చూద్దాం.

2020 సెప్టెంబరులో ఒక మంగళవారం తీసుకోండి. ప్రత్యేకమైన రోజేమీ కాదు. హైదరాబాదు రామంతాపూర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. నేను, మా వారు, ఆరో తరగతి చదివే మా బాబు, అత్తగారు. ఫోన్లు రెండు. మా వారు ఒక ట్రావెల్స్‌లో లెక్కలు రాసేవారు. మార్చిలో బస్సులు ఆగాయి, వాటితో పాటే ఆయన ఉద్యోగమూ ఆగింది. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. మంగళవారం మా వంతు కాబట్టి 5:30కే లేచి డ్రమ్ములు నింపాలి. ఆ తర్వాత పాల ప్యాకెట్లకు సబ్బునీళ్ళ స్నానం, కూరగాయలకు ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళలో మునక. ఆ రోజుల్లో పాల ప్యాకెట్టును తోమినంత శ్రద్ధగా మా బాబు వీపు కూడా తోమలేదు.

9 గంటలకు ఎనిమిదో తరగతి. పడకగదే బడి. నల్లబల్ల కొనే స్తోమత లేక బీరువా తలుపు మీద రాసేదాన్ని. పెళ్లికి మా అమ్మావాళ్ళు పెట్టిన ముదురు ఆకుపచ్చ ఇనుప బీరువా. నమ్మరు గానీ, సుద్దముక్క దాని మీద చక్కగా పలుకుతుంది. రెండో తలుపుకు నిలువుటద్దం ఉంది. అందులో మంచమూ, మంచం మీద అత్తగారూ కనిపిస్తున్నారని దాని మీద పాత చీర కప్పాను. ఫోను నిలబెట్టడానికి కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద బియ్యం డబ్బా, డబ్బా మీద ఇడ్లీ స్టాండు. రెండు రేకుల మధ్య ఫోను కొలిచినట్టు ఇమిడేది. ఆ ఏడాది మా ఇంట్లో ఇడ్లీ ఆదివారాలకే పరిమితమైంది. ఫ్యాను వేస్తే గాలి చప్పుడు తప్ప నా మాట వినిపించడం లేదని పిల్లలు చెప్పడంతో అదీ ఆపేశాను. కూర్చుంటే బీరువా అందదు. కాబట్టి నిలబడే చెప్పాను, రోజుకు నాలుగు పీరియడ్లు, చెమటలు కక్కుతూ. జూమ్‌లో ఉచితంగా ఇచ్చేది 40 నిమిషాలు. మా పీరియడూ 40 నిమిషాలే. గంట కొట్టే ఆయమ్మ లేని లోటు అలా తీరింది.

తరగతిలో 42 మంది. ఆ రోజు వచ్చింది 23 మంది. ముఖాలు కనిపించింది నలుగురివి. మిగిలినవన్నీ నల్లటి గళ్ళు, గడికో పేరు. కొన్ని గళ్ళలో పిల్లవాడి పేరుకు బదులు ఫోను కంపెనీ పేరు ఉండేది. పాఠం ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్. బీరువా మీద చతురస్రం గీసి, నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క వైశాల్యం చెప్పించాను. "అర్థమైందా?" అన్నాను. "అయింది మేడం" అని మూడు గొంతులు వినిపించాయి. నాలుగోది, "మేడం, మీ ఇంట్లో కుక్కరు మూడుసార్లు కూసింది" అంది. ఎవరి వెనకనో ఒక తండ్రి, "అంత పెద్ద బొమ్మ దేనికి, సూత్రం బట్టీ పెట్టిస్తే పోదా" అని ఇంట్లోవాళ్ళతో అనడమూ వినిపించింది. ఆయన తమ మైకు ఆపడం మరిచిపోయారు.

బయటివాళ్ళకు తెలియనిది ఇక్కడే ఉంది. తరగతి గదిలో నేను "అర్థమైందా" అని అడిగేది జవాబు కోసం కాదు, అడిగి ముఖాలు చూస్తాను. అందరికంటే ముందు గట్టిగా తల ఊపేవాడికి ఏమీ ఎక్కలేదని అర్థం. కిటికీ వైపు చూస్తూ పెదవులు కదుపుతున్న పిల్ల లోపల లెక్క చేసుకుంటోందని అర్థం. బెంచీల మధ్య ఒకసారి అటూ ఇటూ నడిస్తే ఎవరి నోట్సులో ఏ గుర్తు తారుమారైందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పదిహేనేళ్లుగా నేను బతుకుతున్నది ఆ నడక మీదే. నల్లటి గడి తల ఊపదు, పెదవి కదపదు. దాని ముందు నిలబడి పాఠం చెప్పడమంటే బావిలోకి తొంగి చూస్తూ మాట్లాడటమే. మన గొంతే మనకు తిరిగి వస్తుంది.

మేమేదో త్యాగమూర్తులమని చెప్పను. యూట్యూబులో ఎవరిదో వీడియో పిల్లలకు పెట్టి పప్పు దించడానికి వెళ్ళిన రోజులున్నాయి. కరెంటు పోతే బాగుండునని కోరుకున్న రోజులూ ఉన్నాయి, పోతే సంతోషించాను కూడా. మా వదిన నల్గొండ వైపు ప్రభుత్వ బడిలో టీచరు. ఆగస్టు 27 నుంచే వాళ్ళను బడికి రమ్మన్నారు. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్ అనే ప్రభుత్వ టీవీ చానల్లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ముందు పిల్లలు ఉన్నారో లేదో చూడటానికి ఆవిడ ఇల్లిల్లూ తిరిగేది. సగం మంది పత్తిచేలో ఉండేవారట. ఆవిడ కూర్చోలేదు సరికదా, మాస్కు కట్టుకుని ఎండలో నడిచింది.

ఇక జీతం. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఆ ఏడాది ప్రైవేటు బడులు ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలి అని. న్యాయమైన మాటే. అయితే ఆ నెలవారీ ఫీజు కూడా కట్టలేని ఇళ్ళే మా బడిలో ఎక్కువ. యాజమాన్యం మాకు ఏప్రిల్‌లో సగం జీతం ఇచ్చింది, మేలో ఏమీ ఇవ్వలేదు. జూలై నుంచి మళ్ళీ సగం. ఆ సగానికి తోడు కొత్త పని ఒకటి తగిలించింది: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా తల్లిదండ్రులకు ఫోను చేసి ఫీజు అడగడం. ఒక్కో టీచరుకు ఒక్కో జాబితా. పేరు, బాకీ, ఏమన్నారు, ఎప్పుడు కడతామన్నారు అని నాలుగు గడులు. అన్నం తిన్న చెయ్యి కడుక్కుని ఆ కాగితం ముందు వేసుకునేదాన్ని. ఉన్నమాట చెప్పాలంటే, రోజు మొత్తంలో నేను కూర్చున్నది ఆ రెండు గంటలే.

ఆ మంగళవారం జాబితాలో ఒక దర్జీ కుటుంబం ఉంది. ఫోనెత్తింది పిల్ల తల్లి. "మేడం, పెళ్లిళ్లు లేవు, జాకెట్లు కుట్టించుకునేవాళ్ళే లేరు. మాస్కులు కుడుతున్నాం, మాస్కుకు ఎంత మిగులుతుందో మీకు తెలియనిదా" అంది. నేను మౌనంగా ఉంటే, "మీకు జీతం ఇస్తున్నారా మేడం?" అని ఆవిడే అడిగింది. సగం ఇస్తున్నారన్నాను. "అయ్యో" అంది. బాకీ ఉన్న మనిషి బాకీ అడగవచ్చిన మనిషిని ఓదార్చడం నేను అక్కడే చూశాను. "ఏమన్నారు" అన్న గడిలో ఏం రాయాలో తోచక గీత గీసి వదిలేశాను. మర్నాడు దానికి నాకు చీవాట్లు పడ్డాయి.

తర్వాత 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. తీసుకున్నాను. రేషన్ దుకాణం దగ్గర వరుసలో నాకు ముందు మా బడి పిల్లవాడి నాయనమ్మ ఉంది. ముఖానికి మాస్కు ఉండటం ఎంత మేలో ఆ రోజు తెలిసింది. అయినా ఆ సాయం అందిన నేను అదృష్టవంతురాలినే. మాతో పనిచేసిన సైన్సు సార్ అప్పటికే టిఫిన్ బండి పెట్టుకున్నారు. మళ్ళీ బడికి రాలేదు. ఆయన చెప్పినట్టు కిరణజన్య సంయోగక్రియ చెప్పేవారిని నేను మరొకరిని చూడలేదు. బండి బాగా నడుస్తోందట, అది వేరే సంగతి.

పిల్లలంతా ఊరికే పాసయ్యారని కూడా కొందరికి దుగ్ధ. 2020లో పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లు అయ్యాక ఆగిపోయాయి. జూన్ 8న మొత్తం రద్దు చేశారు. 5 లక్షల 34 వేల మందికి పైగా పిల్లలు బడిలో పెట్టిన పరీక్షల మార్కులతో గట్టెక్కారు. గణితం పేపరు దాకా కథ రానేలేదు. ఏడాదంతా తెల్లవారుజామున లేచి లెక్కలు చేసిన పిల్ల ఒకతి ఫోనులో ఏడ్చింది. నిజంగా ఊరికే పోయిందేమిటో చెప్పమంటారా? అప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు నా ఎనిమిదో తరగతికి వచ్చారు. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా వాళ్ళు బడి గడప తొక్కలేదు. 84ను 7తో భాగించమంటే బల్ల కింద వేళ్ళు మడుస్తారు. పెద్దాయనలాంటివారు నన్ను ఆ పిల్లల గురించి ఒక్క మాటైనా అడగలేదు, నా జీతం గురించి అడిగారు.

మళ్ళీ మంగళవారానికి వస్తాను. సాయంత్రం 6 నుంచి హోంవర్కు ఫోటోలు రావడం మొదలు. అడ్డంగా ఒకటి, తలకిందులుగా ఒకటి, సగం పేజీని బొటనవేలే మింగేసింది ఇంకొకటి. పది ఫోటోలు రాగానే ఫోను జాగా లేదంది. ఏం తీసేయాలా అని వెతికితే మా బాబు అన్నప్రాసన వీడియో కనిపించింది. మూడుసార్లు చూసి తీసేశాను. 23 మందిలో 17 మంది ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాశారు. నా బీరువా, నా చతురస్రం, నా నాలుగు ముక్కలు అన్నీ గంగపాలు. ఆ తప్పు తరగతిలో అయితే బెంచీల మధ్య తిరుగుతూనే పట్టుకునేదాన్ని.

8:45కు ఫోను మోగింది. ఉదయం రాని 19 మందిలో ఒకడు. వాళ్ళ నాన్న ఒక అపార్టుమెంటులో కాపలా ఉద్యోగి. ఆయన డ్యూటీ దిగి ఇంటికి వస్తేనే ఇంటికి ఫోను వస్తుంది. "మేడం, ఇవాళ ఏం చెప్పారు?" అన్నాడు. వీడియో పెడితే డేటా అయిపోతుందన్నాడు. కంటికి కనిపించకుండా చతురస్రం ఎలా చెప్పను? అన్నం గిన్నె పక్కన పెట్టి లేచాను.

"మీ ఇంట్లో కింద ఏం పరిచారు?"

"షాబాదు బండలు, మేడం."

"అటు ఎన్ని, ఇటు ఎన్ని?"

కాసేపు అడుగుల చప్పుడు. "అయిదూ అయిదు, మేడం."

"అయితే అయిదును మూడు, రెండుగా విడదీయి. ఒక మూలన మూడు మూళ్ళ గడి, దాని ఎదురు మూలన రెండు రెళ్ళ గడి. రెండూ కలిపితే ఎన్ని బండలు?"

"తొమ్మిదీ నాలుగూ, పదమూడు."

"గదిలో మొత్తం?"

"ఇరవై అయిదు." ఆగాడు. "మేడం, పన్నెండు తగ్గుతున్నాయి."

ఉదయం నుంచి 23 మందిలో ఒక్కరూ అనని మాట. అవి ఎక్కడున్నాయో వెతకమన్నాను. ఫోను కింద పెట్టిన చప్పుడు, తర్వాత ఇనుప మంచం ఈడుస్తున్న కర్రుమనే చప్పుడు. "ఈ రాత్రివేళ మంచం ఎందుకు లాగుతున్నావురా?" అని వాళ్ళ నాన్న.

"మంచం కింద ఆరు ఉన్నాయి మేడం! ఇంకో ఆరు బియ్యం డ్రమ్ము వైపు!"