ఎక్స్‌రేలో మచ్చ ఉంటే టీబీయేనా?

టంగుటూరు, కొండపి చుట్టుపక్కల ఊళ్లలో దగ్గును ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. పొగాకు క్యూరింగ్ రోజుల్లో, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని, వేడి చూసుకుంటూ, నిద్ర ఆపుకోవడానికి చుట్ట మీద చుట్ట కాల్చే రైతుకు దగ్గు రాకపోతేనే వింత. మా పెదనాన్నదీ అదే లెక్క. "పొగ పట్టిందబ్బా, వేలం అయిపోతే అదే తగ్గుద్ది" అంటూ మూడు నెలలు దగ్గుమందు సీసాలతో నెట్టుకొచ్చాడు. చివరికి ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. తెమడలో టీబీ క్రిమి దొరకలేదు. అయినా మచ్చ ఉంది కాబట్టి టీబీ మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలలు మింగాడు. ఈలోగా గొంతు బొంగురుపోయింది, పంచె నడుమున నిలవడం మానేసింది. చెన్నైలో ముక్క పరీక్ష (బయాప్సీ) చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది, అదీ నాలుగో దశలో.

మందులు రాసిన డాక్టర్ను తిట్టుకోవడం తేలికే. కానీ టీబీ ఇంతగా ఉన్న దేశంలో ముందు దాన్ని అనుమానించడం తప్పు కాదు. పైగా మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో రాతిదుమ్ము పీల్చినవాళ్లు ఎందరో. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ తొందరగా అంటుకుంటుంది. ఆ సిలికాయే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. మూడు జబ్బులూ ఎక్స్‌రేలో మచ్చలుగానే కనిపిస్తాయి. ఎక్స్‌రే అనుమానం పుట్టించగలదు కానీ తీర్చలేదు.

కాబట్టి నా అభ్యంతరం మందులు మొదలుపెట్టడం మీద కాదు, పెట్టాక వెనక్కి తిరిగి చూడకపోవడం మీద. నిజంగా టీబీయే అయితే రెండు నెలలు తిరిగేసరికి దగ్గు, జ్వరం తగ్గాలి, తిండి సయించాలి, బరువు పెరగాలి. అదేమీ లేకపోతే కోర్సు పూర్తవనీ అని ఎదురుచూస్తూ కూర్చోకూడదు. వెంటనే సీటీ స్కాన్, అవసరమైతే ముక్క పరీక్ష. తెమడలో నెత్తురు జీర, ఎన్నాళ్లకూ పోని గొంతు బొంగురు, నొప్పి బిళ్లలకు లొంగని భుజం నొప్పి ఉంటే ఆ రెండు నెలలు కూడా ఎక్కువే. చుట్టలు తాగేవాళ్లకు ఎటూ దగ్గు ఉంటుంది. ఆ దగ్గు తీరు మారిందా అన్నది ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి.

ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మనవాళ్లకు ఒక భయం. పెదనాన్న విషయంలో దాంతోనే ఇంకో మూడు వారాలు పోయాయి. నిజానికి ఆ ముక్క లేనిదే వైద్యం ఏ దారిన పోవాలో తెలియదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 85 మందిలో కనిపించే, చిన్నకణాలు కాని రకాన్ని తొలి దశలో పట్టుకుంటే ఆపరేషన్‌తో తీసేయొచ్చు. చిన్నకణాల రకం వేగంగా పాకుతుంది, దానికి ఎక్కువగా కీమో, రేడియేషనే. కొందరిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. పొగ తాగని ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వాళ్లకు చాలాసార్లు కీమో బదులు రోజుకో మాత్రతోనే జబ్బును కొన్నేళ్లు అదుపులో పెట్టొచ్చు. మేం పొగ తాగం కదా, మాకెందుకు వస్తుందనే ధీమా కూడా ఇక్కడే చెదిరిపోతుంది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. జన్యు పరీక్ష, ఆ మాత్రల ఖర్చు సంగతి మాత్రం ఆసుపత్రిలో ముందే అడగాలి.

పొగాకు వేలం డబ్బుతో ఇల్లు నడిచే ఊళ్లో చుట్ట మానమని చెప్పడానికి నోరు రాదు, నాకూ రాలేదు. కానీ మానేసిన పదేళ్లకు, తాగుతూనే ఉన్నవాడితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంకొకటి, పాత ఎక్స్‌రేలు పారేయొద్దు. రెండేళ్ల కిందటి ఫిల్మ్‌ను పక్కన పెట్టి చూస్తే మచ్చ పాతదా, పెరుగుతోందా అన్నది డాక్టరుకు తెలుస్తుంది. పెదనాన్న హెర్నియా ఆపరేషన్‌ నాటి ఎక్స్‌రే ఒకటి దినకర్మల తర్వాత బీరువా మీద, క్యాలెండర్ల అడుగున దొరికింది. చెన్నై వెళ్లేటప్పుడు దాన్ని వెతకాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.