వేషానికి చప్పట్లు, మనిషికి గుసగుసలు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో పొద్దున్నే షూటింగ్ బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టుల మధ్య ఓ అరగంట గడిపితే పరిశ్రమ కబుర్లన్నీ తెలుస్తాయి. ఏ సినిమా మధ్యలో ఆగిపోయింది, ఎవరి పేమెంట్ ఇంకా రాలేదు, ఎవరు ఎంత కమీషన్ కోసుకుంటున్నారు... వీటి మధ్యలోనే ఒక మాట దొర్లుతుంది: ‘వాడు తేడా రా.’ ఇంకేమీ వివరించరు. అందరూ నవ్వుతారు. ఆ ‘వాడు’ అదే గుంపులో టీ గ్లాసు పట్టుకుని తనూ నవ్వుతూ ఉండొచ్చు. నవ్వకపోతే అనుమానం వస్తుంది మరి.

గే అన్న మాటకు తెలుగు వినోద పరిశ్రమలో చలామణిలో ఉన్న పదం ఇదే. కాలేజీ క్యాంటీన్ నుంచి సినిమాకు ఎక్కిందో, సినిమా నుంచి క్యాంటీన్‌కు దిగిందో కానీ, చేయి కాస్త తిప్పి మాట్లాడే పాత్ర తెర మీదికి రాగానే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు. రచయితకు పెద్ద శ్రమ కూడా ఉండదు.

ఆడవేషం మనకు కొత్త కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి ముక్కున వేలేసుకున్నారని చెప్పుకుంటారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం చూడని తరానికి కూడా ఆయన పేరు తెలుసు. నేటి టీవీ కామెడీ షోల్లో లేడీ గెటప్ లేని స్కిట్ అరుదు. ఇదంతా నటన, వృత్తి. చీర కట్టిన నటుడి మనసు ఎవరి మీద ఉందో ఆ చీర చెప్పదు. ఆ సంగతి మనకు ఎక్కడం లేదు. రాత్రి రెండింటికి షూటింగ్ ముగిశాక మేకప్ రూంలో కొబ్బరినూనె, దూదితో లిప్‌స్టిక్ తుడుచుకుని, కంటి అంచున కాటుక ఇంకా వదలకుండానే బైక్ తీసే కుర్రాడికి గేటు దగ్గర ఎవరో ఒకరు ‘ఏంటమ్మాయ్, బయల్దేరావా’ అంటారు. అతనికి ఇంట్లో భార్యాపిల్లలు ఉండొచ్చు. ఆ మాట నిజంగానే తగిలే మనిషైతే, పక్క గదిలో ప్యాంటూ షర్టుతో, ఏ గెటప్పూ లేకుండా, తన గురించి ఎవరికీ చెప్పకుండా కూర్చుని ఉంటాడు.

రంగస్థలం మీద స్థానం వారికి చప్పట్లు మోగుతున్న రోజుల్లోనే, ఈ హైదరాబాద్‌లో నిజాం కాలపు చట్టం ఒకటి ఉండేది. 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో వచ్చింది. హిజ్రాలను రిజిస్టరులో రాసుకుని, వాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపించినా, బహిరంగంగా పాడినా ఆడినా వారంట్ లేకుండా పట్టుకుని రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చని అందులో ఉంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడో కాదు, 2023 జులైలో. స్టేజీ మీద కడితే కళ, రోడ్డు మీద కడితే నేరం. చట్టం పోయింది కానీ ఆ లెక్క మన బుర్రల్లో అలాగే ఉంది.

ఈ మధ్య కొంత మార్పు వచ్చిన మాటా నిజమే. బిగ్‌బాస్ తెలుగులో 2019లో తమన్నా సింహాద్రి, 2021లో ప్రియాంక సింగ్ కనిపించారు. ప్రియాంక అంతకుముందు కామెడీ షోలో లేడీ గెటప్పులు వేసి పేరు తెచ్చుకున్నవారే. లక్షల ఇళ్లలో అమ్మలూ అమ్మమ్మలూ ఆమెను చూశారు. అయితే వీరిద్దరూ ట్రాన్స్ మహిళలు. గే కావడం వేరు, ట్రాన్స్ కావడం వేరు. మొదటిది మనసు ఎవరి మీద ఉందన్న సంగతి, రెండోది తాను ఆడా మగా అన్న సంగతి. రెండింటినీ ఒకే గాటన కట్టేయడం మన పాత అలవాటు. కళ్లకు తేడాగా కనపడే మనిషికి తెర మీద ఏదో ఒక మూల ఇచ్చాం. అచ్చం హీరోలా ఉండి ‘నాకు మగవాళ్లంటేనే ఇష్టం’ అనేవాడికి ఇంకా ఏ మూలా ఇవ్వలేదు. మన అగ్ర హీరోల్లో ఆ మాట బహిరంగంగా చెప్పుకున్నవారు ఒక్కరూ లేరు.

హైదరాబాద్‌ను పూర్తిగా వెనకబడ్డ ఊరనీ అనలేం. 2013లోనే ఇక్కడ గే, ట్రాన్స్ తదితరులు తమ ఉనికిని చాటుకునే ప్రైడ్ యాత్ర జరిగింది. 2021 డిసెంబరులో ఒక గే జంట రెండు కుటుంబాల సమక్షంలో ఒక్కటైంది. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కిన మొదటివారిలో వాళ్లూ ఉన్నారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు ఇవ్వడానికి నిరాకరించింది. అంతకు ఐదేళ్ల ముందు, 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని తప్పించిన తీర్పు ఎవరి పేరు మీద ఉందో చాలామందికి తెలియదు. నవ్‌తేజ్ సింగ్ జోహర్. భరతనాట్య కళాకారుడు. ఈ దేశంలో కోట్లాది మందిని నేరస్థుల జాబితా నుంచి తప్పించిన కేసులో మొదటి పేరు ఒక నర్తకుడిది కావడం వినోద రంగం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా చెప్పుకోగా మేమైతే వినలేదు.

చెప్పుకుంటే మార్కెట్ పోతుందన్నది నిర్మాతల వాదన. అందులో అసలు నిజం లేదని అనం. అమెరికాలో హాస్యనటి ఎలెన్ డిజెనరస్ 1997లో తన సంగతి బయటపెట్టినప్పుడు, ఆమె సీరియల్‌లో పాత్ర కూడా అదే మాట చెప్పిన ఎపిసోడ్‌ను నాలుగు కోట్ల మందికి పైగా చూశారు. కొన్ని కంపెనీలు మాత్రం ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. మరుసటి ఏడాదే సీరియల్ ఆగిపోయింది. మళ్లీ సొంత టాక్ షోతో ఆమె నిలదొక్కుకోవడానికి 2003 దాకా పట్టింది. ఆ షో దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. ఇక్కడ మాకు ముఖ్యంగా తోచేది దాని చివరి అంకం. 2020లో ఆమె షోలో ఉద్యోగులను సరిగా చూడడం లేదన్న ఆరోపణలు వచ్చి ఆమె పరువు దెబ్బతింది. జనం కోప్పడింది ఆమె లెస్బియన్ అని కాదు, యజమానిగా బాగా లేదని. ఏ పెద్ద స్టార్ మీదైనా వచ్చేలాంటి మామూలు కోపం అది. ఆమెను జనం తమలో కలుపుకున్నారనడానికి పొగడ్తల కన్నా మాకు అదే ఎక్కువ రుజువుగా కనిపిస్తోంది.

ప్రేమ సన్నివేశంలో జనం నమ్మరు అనేవాళ్లకు అమెరికన్ నటుడు నీల్ పాట్రిక్ హారిస్ జవాబు. ఓ సీరియల్‌లో అమ్మాయిల వెంట పడి తిరిగే పాత్ర చేస్తుండగానే, 2006లో తాను గే అని చెప్పారు. 2014 దాకా అదే పాత్ర చేశారు, జనం నవ్వుతూనే ఉన్నారు. ఆపై ఏడాది ఆస్కార్ వేడుకకు వ్యాఖ్యాత ఆయనే. మన ప్రేక్షకుడు ఇంతకన్నా ఉదారుడు. అరవై దాటిన హీరో పుస్తకాలు పట్టుకుని కాలేజీకి బయల్దేరితే ఈలలు వేసి నమ్మినవాడు. నమ్మకం కుదరనిది ప్రేక్షకుడికి కాదు, అడ్వాన్స్ ఇచ్చేవాడికి.

అలాగని ఏ నటుడినీ బయటికి వచ్చి చెప్పమని మేం అడగడం లేదు. అది అతని ఇష్టం, అతని ఇంటి విషయం. ధైర్యం చేయాల్సింది ఎప్పుడూ అవకాశాల కోసం తిరిగేవాడేనా? ఆఫీసులో కూర్చుని అవకాశాలు ఇచ్చేవాళ్లు చేయగలిగినవి చాలా ఉన్నాయి. ‘కమిట్‌మెంట్’ అన్న మాటకు పరిశ్రమలో అర్థం అందరికీ తెలుసు: వేషం కావాలంటే పడక పంచుకోవాలని. అది అమ్మాయిల సమస్యే అనుకుంటాం. గే అని తెలిసిన కుర్రాడిని ‘వీడు ఒప్పుకుంటాడులే’ అని ముందే లెక్కేసుకునేవాళ్లు ఉంటారు. అతను ఎవరికి చెప్పుకోవాలి? పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం మహిళల కోసం వచ్చింది. అయితే మగవాళ్ల ఫిర్యాదు తీసుకోవద్దని ఆ చట్టం ఏ నిర్మాణ సంస్థకూ చెప్పలేదు. మగ విద్యార్థులూ, ట్రాన్స్ విద్యార్థులూ వేధింపులకు గురవుతారని విశ్వవిద్యాలయాల వ్యవహారాలు చూసే యూజీసీ 2015 నిబంధనల్లోనే ఒప్పుకుంది. కాలేజీకి తట్టిన ఆలోచన సినిమా ఆఫీసుకు తట్టకూడదా? సంస్థ నియమాల్లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు, అదనపు బడ్జెట్ అక్కర్లేదు.

ఇక మా పత్రిక సంగతి. పేరు రాయకుండా, పోల్చుకోవడానికి వీలుగా వదిలిన గాసిప్పులు మా సినిమా పేజీలోనూ వచ్చాయి. ఫలానా యువ హీరోకు పెళ్లంటే ఎందుకంత భయమో అని రాసి, పక్కన ఓ కొంటె బొమ్మ వేశాం. ఆ హీరో ఎవరో ఊరంతా ఊహించింది. అతను గే అవునో కాదో మాకు తెలియదు. తెలిసినా మాకు పనిలేని విషయం. అతను మాత్రం ఆ వారమంతా ప్రెస్‌మీట్లలో అదే ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ రకం ఐటమ్‌లు ఇక వద్దని నిన్న మా సినిమా డెస్క్‌తో చెప్పాం. మరి వారానికి రెండు కాలమ్స్ దేనితో నింపాలని వాళ్లు అడిగారు. పేమెంట్లు రాని జూనియర్ ఆర్టిస్టుల గురించి రాయమన్నాం.