దాచాం కాబట్టి చదివినట్టే

పరిశోధన అంటే చదవడమని పాతతరం ప్రొఫెసర్లు ఇంకా పొరబడుతున్నారు. పరిశోధన అంటే దాచడం. చేనేత మీద పీహెచ్‌డీ చేస్తున్న మేం నలుగురం ఈ సంగతి హాస్టల్ మెస్‌లో ఏకగ్రీవంగా తేల్చేశాం. వ్యాసాలు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటెరోలో ఓ గ్రూపు పెట్టుకుని, ఎవరికి ఏ వ్యాసం కనబడినా బ్రౌజర్‌లో ఓ నొక్కు నొక్కి అందులో పడేస్తున్నాం. రెండేళ్లలో 1,847 పోగయ్యాయి. చదివినవెన్ని అని అడగడం మర్యాద కాదు. ఆవకాయ పెట్టిన రోజే జాడీ ఎంత ఖాళీ అయిందని ఎవరైనా అడుగుతారా?

జొటెరో వాళ్లు ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ జాగా పీడీఎఫ్‌లతో ఇట్టే నిండిపోయింది. ఏడాదికి 20 డాలర్లు కడితే 2 జీబీ ఇస్తారు. ఎవరు కట్టాలన్న దాని మీద అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. మా నలుగురి మధ్య లోతుగా సాగిన విద్యా చర్చ ఇప్పటికి అదొక్కటే.

ఇక ట్యాగుల సంగతి, అంటే వెతుక్కోవడానికి వ్యాసాలకి తగిలించే గుర్తు మాటలు. జనం తలా ఓ మాట తగిలిస్తూ పోతే, పైన ఎవరూ పెత్తనం చేయకుండానే ఓ వర్గీకరణ పుట్టుకొస్తుందట. 2004లో థామస్ వాండర్ వాల్ దీనికి ఫోక్సానమీ అని పేరు పెట్టారు. పాపం, ఆయన మా గ్రూపు చూడలేదు. పోచంపల్లి నేత మీద ఒకే వ్యాసానికి నేను 'ఇక్కత్' అని పెట్టాను. అక్క 'ఇకత్' అంది. మూడో ఆయన 'పోచంపల్లి' అన్నాడు. నాలుగోవాడు 'అర్జెంట్' అన్నాడు. వాడికి అన్నీ అర్జెంటే, 612 ఉన్నాయి. వెతికితే ఎవరిది వాళ్లకే దొరుకుతుంది. సమష్టి పరిశోధనలో వ్యక్తి స్వేచ్ఛ అంటే ఇదే.

ఇలా లంకెలు దాచి ట్యాగులు తగిలించుకునే సైట్లలో అమరవీరులూ ఉన్నారు. నేచర్ పత్రిక వాళ్లు 2004లో పెట్టిన కనోటియా 2013లో మూతపడింది. 2004లోనే పుట్టిన సైట్‌యులైక్ 2019లో వెళ్లిపోయింది. వీళ్లందరికీ పెద్దన్న డెలీషియస్‌ను 2005లో యాహూ కొంది. చేతులు మారి మారి అది 2017లో పిన్‌బోర్డ్ అనే ఇంకో అలాంటి సైట్ దగ్గర తేలింది. చూసుకోవచ్చు గానీ కొత్తవి చేర్చడానికి లేదన్నారు. అంటే చదవడం తప్ప గత్యంతరం లేని స్థితి, ఎంత ఘోరం! మా సీనియర్ అన్న ఒకాయన, వీటిలో ఒకటి పోయినప్పుడు, "నా లిటరేచర్ రివ్యూ మొత్తం కొట్టుకుపోయింది సార్" అని గైడ్‌కి చెప్పి ఇంకో ఏడాది గడువు సంపాదించాడు. ఉంటే కదా పోవడానికి! ఆ మాట మేమెవరం పైకి అనలేదు. రేపు మాకూ అవసరం రావచ్చు.

మొన్న ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కి బయటి నుంచి వచ్చిన మేడమ్, చిలప నూలు మీద ఫలానా వ్యాసం చూశారా అని అడిగారు.

"గ్రూపులో ఉంది మేడమ్" అన్నాం, నలుగురం ఒకేసారి.

"అందులో ఏముంది?"

టేబుల్ కింద ఫోన్ తీసి వెతికాను. నాలుగు కాపీలున్నాయి. ఒకదాని కింద నోట్‌లో అక్క ఎప్పుడో రాసి పెట్టింది: 'చాలా ముఖ్యం. ఎవరైనా చదివి చెప్పండి.' దాని కిందే నా రాత: 'నేనూ అదే అడుగుదామనుకున్నా.'