చంపడానికి కారణం చెప్పి తీరాలి

మనిషిని చంపడం తప్పని పిల్లలకు నేర్పుతాం. అదే పని యూనిఫాం వేసుకుని సరిహద్దులో చేస్తే పతకం ఇస్తాం. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందన్న ప్రశ్న డిసెంబర్ 16న, విజయ్ దివస్ నాడు, పెద్దగా ఎక్కడా వినిపించదు. వినిపించాలన్నది మా అభిప్రాయం. ఆ ప్రశ్న ముందు నిలబడగలిగిన కొద్దిపాటి యుద్ధాల్లో 1971 యుద్ధం ఒకటి. అది ఎందుకు నిలబడిందో తెలుసుకోకపోతే, నిలబడని యుద్ధాలకూ మనం అలాగే చప్పట్లు కొడతాం.

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్థాన్ విమానాలు మన వైమానిక స్థావరాలపై బాంబులు వేయడంతో యుద్ధం మొదలైందని చదువుకున్నాం. అది తేదీ మాత్రమే. కారణం వెతకాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఇప్పటి బంగ్లాదేశ్ అప్పట్లో తూర్పు పాకిస్థాన్. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీని అధికార భాష చేయాలన్న విద్యార్థులపై ఢాకాలో పోలీసులు కాల్పులు జరిపారు. తూర్పున పండిన జనపనార తెచ్చిన విదేశీ ద్రవ్యంలో పెద్ద వాటా పశ్చిమ పాకిస్థాన్‌కే ఖర్చయింది. 1970 నవంబర్‌లో భోలా తుపాను లక్షల ప్రాణాలు తీస్తే ప్రభుత్వ సాయం ఆలస్యంగా, అరకొరగా అందింది. దివిసీమ ఉప్పెనను చూసిన మనకు అక్కడి జనం కోపం ఎలాంటిదో ఒకరు చెప్పనక్కర్లేదు. మరుసటి నెల జరిగిన ఎన్నికల్లో తూర్పు పాకిస్థాన్‌లోని 162 స్థానాల్లో 160 ముజిబుర్ రెహ్మాన్ పార్టీ అవామీ లీగ్ గెలుచుకుంది. 300 స్థానాల సభలో అది తిరుగులేని మెజారిటీ. ముజిబుర్ రెహ్మాన్ ప్రధాని కావాలి. పశ్చిమాన గెలిచిన భుట్టో ససేమిరా అన్నాడు. సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ 1971 మార్చి 1న సభను వాయిదా వేశాడు. మార్చి 25 రాత్రి ఢాకా వీధుల్లోకి, యూనివర్సిటీ హాస్టళ్లలోకి సైన్యాన్ని పంపాడు.

ఇందులో ప్రతి మెట్టు దగ్గరా ఆగే వీలుంది. భాషను ఒప్పుకుని ఉండొచ్చు, జనపనార సొమ్ము సరిగ్గా పంచి ఉండొచ్చు, గెలిచినవాళ్లకు కుర్చీ అప్పగించి ఉండొచ్చు. కొట్లాట మనిషి నైజం, యుద్ధాలు ఎప్పటికీ తప్పవు అనే మాటను మేం ఒప్పుకోనిది ఇందుకే. ఆ మాట ఒప్పుకుంటే నిర్ణయాలు తీసుకున్నవాళ్లు జవాబు చెప్పాల్సిన పని తప్పిపోతుంది. తూర్పు బెంగాల్ ఊచకోత నైజం వల్ల జరగలేదు. ఓట్లలో ఓడినదాన్ని తుపాకీతో దక్కించుకోవాలని కొందరు అనుకోవడం వల్ల జరిగింది.

తర్వాతి నెలల్లో దాదాపు కోటి మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మన దేశంలోకి వచ్చారు. త్రిపుర జనాభా అప్పట్లో 15 లక్షల పైచిలుకు. అక్కడికి చేరిన శరణార్థులు ఇంచుమించు అంతమందే. శిబిరాల్లో కలరా చెలరేగింది. ఢాకాలోని అమెరికా దౌత్య అధికారి ఆర్చర్ బ్లడ్, ఆయన సహచరులు తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుబడుతూ ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కు టెలిగ్రాం పంపారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ పట్టించుకోలేదు. చైనాతో రహస్య మంతనాలకు యాహ్యా ఖాన్ వారికి దారి చూపుతున్నాడు. జులైలో కిసింజర్ బీజింగ్ వెళ్లింది పాకిస్థాన్ మీదుగానే. చంపేవాడొకడు, చూస్తూ ఊరుకున్నవాళ్లు ఎందరో. యుద్ధ కారణాల లెక్కలో రెండోవాళ్లను సాధారణంగా వదిలేస్తుంటారు. మేం వదలం.

ఒక్క ప్రాణం కూడా తీయకూడదనే శాంతివాదులంటే మాకు గౌరవం ఉంది. వాళ్లే లేకపోతే ప్రతి పాలకుడికీ ప్రతి యుద్ధమూ ధర్మయుద్ధమే అవుతుంది. కానీ ఎదుటివాడు చంపుతూనే ఉన్నప్పుడు మనం ఆయుధం పట్టకపోవడానికి మూల్యం చెల్లించేది మనం కాదు, చచ్చిపోతున్న మూడో మనిషి. జరుగుతున్న హత్యాకాండను ఆపడానికి మిగతా దారులన్నీ మూసుకుపోయాక బలం వాడటం తప్పు కాదని మేం నమ్ముతున్నాం. రాయబారం పద్యాల కోసం తెల్లవార్లూ మేలుకున్న జనం మనం. ఐదూళ్లు చాలన్నా కాదన్నాకే కురుక్షేత్రం. 1971లో కూడా ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, ఆ తర్వాత ఇందిరా గాంధీ వారాల తరబడి పాశ్చాత్య దేశాల పర్యటన, అన్నీ అయ్యాకే సైన్యం పూర్తిస్థాయిలో కదిలింది.

భారత్ చేతులు పూర్తిగా కడిగిన ముత్యాలని చెప్పడం మా ఉద్దేశం కాదు. బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన గెరిల్లా దళం ముక్తి వాహినికి నెలల ముందు నుంచే శిక్షణ, ఆయుధాలు ఇచ్చాం. నవంబర్ మూడో వారానికే మన దళాలు సరిహద్దు దాటి గరీబ్‌పూర్ దగ్గర పోరాడాయి. శత్రుదేశం రెండుగా చీలితే మనకు మేలని ఢిల్లీలో లెక్క వేసుకున్నవాళ్లూ ఉన్నారు. డిసెంబర్ 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 104 ఓట్లతో కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోమంది. మనతో కలిపి దాన్ని వ్యతిరేకించింది 11 దేశాలే. స్వార్థం కలిసినంత మాత్రాన మంచి పని చెడ్డదైపోదు. ఆ స్వార్థం ఎక్కడ ఆగిందన్నది చూడాలి. డిసెంబర్ 16న తూర్పున పాకిస్థాన్ సైన్యాధిపతి నియాజీ లొంగిపోయాడు. 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది. శరణార్థులు ఇళ్లకు వెళ్లారు. ఒక్క అంగుళం భూమి కూడా మనం అక్కడ ఉంచుకోలేదు. న్యాయం కోసమని బయల్దేరిన సైన్యాలు చాలానే ఉన్నాయి. పని అయ్యాక ఇంటికి తిరిగొచ్చినవి తక్కువ.

అయితే యుద్ధం న్యాయమైనదని అందులో జరిగిన ప్రతి చావూ న్యాయమైపోదు. లొంగుబాటు జరిగి రెండు రోజులు కాకముందే, డిసెంబర్ 18న, ఢాకాలో ముక్తి వాహిని వాళ్లు బహిరంగ సభ పెట్టి చేతులు కట్టేసిన బందీలను జనం చూస్తుండగా బాయొనెట్లతో పొడిచి చంపారు. దేశ విభజనప్పుడు అక్కడికి వలస వెళ్లిన, ఉర్దూ మాట్లాడే బిహారీల మీద ప్రతీకార దాడులు జరిగాయి. గెలిచిన పక్షం చేసినా అది హత్యే. అశ్వత్థామ కూడా యుద్ధంలో ఉన్నవాడే, తండ్రి చావుకు రగిలిపోతున్నవాడే. అయినా నిద్రపోతున్న ఉపపాండవులను చంపినందుకు అతణ్ని మన వాళ్లెవరూ క్షమించలేదు. ఇక సామూహిక హత్యల నేరం మోపిన 195 మంది పాకిస్థాన్ సైనిక అధికారులను 1974లో విచారణ లేకుండానే ఇంటికి పంపేశారు. రాజీకి అది అవసరమైందేమో గానీ, చనిపోయినవాళ్ల తరఫున అడిగేవాడు లేకుండా పోయాడు.

మన తీరంలోనూ ఆ యుద్ధం చావులను మిగిల్చింది. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ దగ్గర పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. వాళ్లు మన విక్రాంత్ నౌకను ముంచాలని వచ్చారు. వాళ్లను ఆపడం సరైనదే. కానీ మార్చి 25 రాత్రి ఢాకాలో ఏం చేయాలన్నది వాళ్లలో ఎవరూ నిర్ణయించలేదు. అన్ని రంగాల్లోనూ కలిపి చనిపోయిన మన సైనికులు మూడు వేల మందికి పైనే. విజయ్ దివస్ నాడు వీళ్లందరి గురించీ మాట్లాడితే విజయం చిన్నబోదు.

ఇదే కొలత ఇరాక్‌కు పెట్టి చూడండి. 2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ దాడికి దిగినప్పుడు చెప్పిన ప్రధాన కారణం సామూహిక వినాశక ఆయుధాలు. ఎంత గాలించినా ఆ నిల్వలు దొరకలేదు. శాంతియుత మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి వెళ్లారని బ్రిటన్ ప్రభుత్వమే వేసిన చిల్కాట్ విచారణ 2016లో తేల్చింది. ఆ లోపు లక్షకు పైగా ఇరాకీ పౌరులు చనిపోయారు. తొందరపడి యుద్ధానికి వెళ్లారని 13 ఏళ్ల తర్వాత తేలితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

మన దగ్గరికే వద్దాం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న మన సైన్యం దాడులు చేసింది, మే 10న కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజుల్లో కరాచీ రేవు నాశనమైందని కొన్ని టీవీ చానళ్లు ప్రకటించాయి. అది నిజం కాదు. స్టూడియోలో కూర్చుని యుద్ధం ఇంకా సాగాలని కోరినవాళ్లకు ప్రాణాలతో పనిలేదు. ఆ రోజుల్లోనే రాయలసీమలోని ఒక తండాకు యువ జవాను మృతదేహం వచ్చింది. పార్లమెంటులో ఆ సైనిక చర్యపై చర్చ మొదలైంది జులై 28న.

అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే నెలలోగా ఉభయ సభల ఆమోదం కావాలని రాజ్యాంగం చెబుతోంది. యుద్ధానికి వెళ్లాలంటే అలాంటి నిబంధన లేదు. దాడి జరిగినప్పుడు సభ కోసం ఆగడం ప్రభుత్వానికి కుదరదు, అది మాకు తెలుసు. కానీ 1962 నవంబర్ 8న, చైనాతో యుద్ధం నడుస్తుండగానే, నెహ్రూ పార్లమెంటును సమావేశపరిచారు. సభ్యులు ఆయన్ను ముఖం మీదే నిలదీశారు. దేశానికి దాని వల్ల నష్టం జరగలేదు. సైనిక చర్య మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే దాని కారణం, లక్ష్యం, అంతకు ముందు ప్రయత్నించిన మార్గాలు, ఎప్పుడు ఆపుతారన్నది ప్రభుత్వం రాతపూర్వకంగా సభ ముందు పెట్టి ఓటు కోరాలి. రహస్యాలు బయటపెట్టకుండానే ఈ పని చేయొచ్చు. ఇందుకు చట్టం తేవాలని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను, వారు ఏ పార్టీవారైనా, మేం కోరుతున్నాం.